అక్క లోపలికి రావాలి

మీరే చేశారు ఇదంతా. మేడ మెట్ల మీద బోల్టు వదులైందని చెప్పినప్పుడు చూద్దాంలే అన్నది మీరు. ఆ మెట్టు అక్క కాలి కింద తిరగబడి, అక్క నడుం విరిగి మంచాన పడ్డాక, మెషీను దగ్గరికి రాలేని మనిషికి మెషీను డ్యూటీ ఎందుకని ఆర్డరు రాసిందీ మీరే. బోల్టు బిగించడానికి మీకు మనిషి దొరకలేదు, ఆర్డరు టైపు చేయడానికి మాత్రం ఇట్టే దొరికాడు. మేనేజరు గారూ, ఇది నేను మీ గదిలో నిలబడి అరుస్తున్నది కాదు. సరిగ్గా మీ నెత్తి మీది గదిలో, బస్సు డిపో ఆఫీసు మేడ మీద, సర్వరు ముందు కాలు విరిగిన స్టూలు మీద కూర్చుని, నోరు కట్టేసుకుని లోపల్లోపల అంటున్నది. నేను నోరు కట్టేసుకున్నానంటే గ్యారేజీలో ఒక్కరూ నమ్మరు. పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేసి నన్నందరూ హారన్ అంటారు. బ్రేకులు చూసే మెకానిక్కుకి హారన్ పేరేంటని కొత్తవాళ్లు అడిగితే, కాసేపు ఆగండి మీకే తెలుస్తుందంటారు. మధ్యాహ్నం బయటి కంపెనీ మనిషి వస్తాడు, ఈ గది తాళాలు అతని చేతిలో పెడతారు, అక్కడితో అక్క ఉద్యోగం సరి. ఆలోగా అక్క మంచం మీంచే ఈ మెషీనులోకి వచ్చి, రేపటి డ్యూటీ చార్టు వేసి చూపిస్తే ఆర్డరు సంగతి చూద్దాం అన్నారు. మళ్లీ చూద్దాం. మీ చూద్దాం ఎలాంటిదో అక్క నడుముకి తెలుసు. అయినా ఆ మాటే పట్టుకుని పొద్దున్నే మెట్లెక్కాను, ఆ మెట్టు దగ్గర ఆగాను. ఇప్పుడు బిగించారు దాన్ని, కొత్త బోల్టు తళతళలాడుతోంది, దాని మీద కాలు పెట్టబుద్ధి కాక దాటేసి వచ్చాను.

ఫోను స్పీకరులో పెట్టి మెషీను నెత్తిన ఆనించాను. అవతల అక్క ఊపిరి వినిపిస్తోంది, దాని వెనక అమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు. ఈ గదిలో చల్లగాలి మెషీను కోసం, మనుషుల కోసం కాదు. మేం ఇంజన్ల కింద వేగిపోతుంటే ఈ ఇనప్పెట్టెకి ఏసీ ఏమిటని ఒకసారి గొడవ పెట్టుకున్నాను, అప్పుడు అడ్డం వచ్చింది అక్కే, "అది వేడెక్కితే ఆగిపోతుందే, నువ్వు వేడెక్కితే ఆగవుగా" అని. గ్యారేజీ అంతా నవ్వింది, నేనూ నవ్వాను, ఏసీ మిగిలింది. ఎంత సబ్బుతో రుద్దినా గోళ్ల సందుల్లో గ్రీజు పోదు, కీబోర్డు మీద నా వేళ్లు పడినచోటల్లా నల్లటి మరక, అక్క చూస్తే చంపుతుంది. కొన్ని మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి, అవి అక్క వేళ్లు అరగదీసినవి, వెతుక్కోకుండా కొట్టే మనిషికి అక్షరంతో పనేముంది. నేను మాత్రం ఒక్కొక్క మీటా వెతుక్కుని, ఒక్క వేలితో పొడుస్తున్నాను, అక్క ఒక్కో అక్షరం చెబుతోంది, స్పేసు అంటోంది, ఇప్పుడు గీత అంటోంది, ఏ గీతక్కా అంటే అడ్డగీత అంటోంది, పడుకున్న గీతా నిలబడ్డ గీతా అంటే "పడుకున్నదేనే, నాలాగ" అంటోంది, అని తనే నవ్వుతోంది. ఆ నవ్వు వింటే నాకు మీ మీద కోపం ఇంకాస్త పెరుగుతోంది.

బయటి నుంచి మెషీనులోకి రావడానికి ఒక గుమ్మం ఉంటుందట. ఆ గుమ్మం దగ్గర కాపలావాడు ఒకడు రెప్ప వేయకుండా కూర్చుంటాడు, ఎవరైనా తడితే ఎవరు నువ్వు అంటాడు, ఋజువు చూపిస్తే లోపలికి పంపుతాడు, లేకపోతే పొమ్మంటాడు. ఆ కాపలావాణ్ణి పనిలోకి పెట్టడమే పొద్దున్నుంచి నేను చేస్తున్నది. ఎస్ఎస్‌హెచ్ అని వాడి పేరు, పలికితే రెండు బుసలూ ఒక నిట్టూర్పూ. వాణ్ణి మెషీనులోకి ఎక్కించడం ఏమంత కష్టం కాలేదు, ఒక్క వాక్యం కొట్టాను, స్క్రీను మీద వరసలు వరసలుగా ఏవో పరిగెత్తాయి, చివర ఆకుపచ్చ రంగులో నడుస్తున్నానని ఒక మాట వచ్చింది. అసలు పని తర్వాత మొదలైంది. పాస్‌వర్డు చెప్పి వచ్చేవాళ్లని రానివ్వకూడదని హెడ్డాఫీసు షరతు, పాస్‌వర్డుని ఎవడైనా ఊహించొచ్చు, అడిగి తెలుసుకోవచ్చు, భుజం మీంచి తొంగి చూడొచ్చు. అంచేత తాళం, తాళంచెవి. రెండూ అక్క తన కంప్యూటర్లోనే పుట్టించింది. చెవి అక్క దగ్గరే ఉంటుంది, ఎవరికీ ఇవ్వదు, నాక్కూడా. తాళం మాత్రం ఎవరు చూసినా ఫరవాలేదట, దాన్ని పెన్‌డ్రైవులో వేసి నా చేతికిచ్చింది, నేను తెచ్చి అక్క పేరున్న ఫోల్డర్లో పెట్టాను. తర్వాత కాపలావాడి సూచనల ఫైలు తెరిచి, పాస్‌వర్డు ఒప్పుకోకు అని మార్చి, రాసింది సరిగ్గా ఉందో లేదో చూడమని వాణ్ణే అడిగాను. ఏమీ అనలేదు వాడు. ఇంకోసారి అడిగాను. ఏమీ అనలేదు. "అక్కా, వీడు మాట్లాడట్లేదు" అన్నాను. "మాట్లాడకపోతే తప్పు లేనట్టే. తప్పుంటేనే నోరు తెరుస్తాడు. నువ్వు నేర్చుకోవలసిన గుణం" అంది. నాకు నచ్చలేదు. నేనడిగినప్పుడు మాట్లాడనివాళ్లని చాలామందిని చూశాను, వాళ్లలో ఎవరి దగ్గరా తప్పు లేకపోవడం చూడలేదు. సరే, వీడు వేరేమో. మార్పులు పట్టేలా వాణ్ణి ఒకసారి ఆపి లేపాను. "ఇదిగో తడుతున్నాను" అంది అక్క. చేతులు కీబోర్డు మీంచి లాక్కున్నాను. ఇంజను కింద పడుకుని, పైన ఎవడో స్టార్టు చేయబోతున్నప్పుడు లాక్కున్నట్టు.

రానివ్వలేదు.

"పొమ్మంటున్నాడే. పర్మిషన్ లేదంటున్నాడు." ఇంకోసారి తట్టింది, మళ్లీ అదే. "నా వైపే ఏదో అయ్యుంటుంది, ఉండు" అంది, ఇంతలో వెనక అమ్మ గొంతు, ఇక చాలు పక్కకి తిప్పాలి ఒళ్లు ఒరుసుకుపోతుంది అంటోంది. "ఇప్పుడా అమ్మా" అంటే, "పుండు పడితే అప్పుడేం చేస్తావు, నీ మెషీను వచ్చి మందు రాస్తుందా" అంటోంది అమ్మ. "హారన్, ఉండవే, పక్క మారాలి. ఏమీ ముట్టుకోకు. నీకు దణ్ణం పెడతాను, నేనొచ్చేదాకా ఏదీ ముట్టుకోకు." ఫోను మంచం మీద బోర్లా పెట్టినట్టుంది, దుప్పటి రాపిడి, అమ్మ ఒక చెయ్యి ఇటు వెయ్యి అనడం, అక్క పళ్లు బిగబట్టి పీల్చిన గాలి. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. గ్రీజు చేతులు. ఒక్క మంచం మీద ఒక్క మనిషి ఇటు నుంచి అటు తిరగడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసా. మా ఇంట్లో అందరికీ తెలుసు. మొదట దిండు తీయాలి, తర్వాత మోకాలు మడవాలి, అది తను మడవలేదు, అమ్మ మడవాలి, తర్వాత భుజం, తర్వాత నడుం, నడుం వచ్చినప్పుడు అక్క ఏదో ఒక పిచ్చి జోకు వేస్తుంది, అమ్మ తిడుతుంది, ఆ తిట్టు వెనక నడుం తిరిగిపోతుంది. అలా తిప్పడం వాళ్లిద్దరూ ఎవరూ చెప్పకుండా కనిపెట్టుకున్న పద్ధతి. చక్రాల కుర్చీలోకి ఎక్కించాలంటే మాత్రం నేను కూడా ఓ చెయ్యి వెయ్యాలి.

స్క్రీను మీద చిన్న గీత వెలుగుతోంది ఆరుతోంది. బస్సు ఇండికేటరు లాగ. వంపు తిరగబోతున్నానని చెబుతూ తిరగకుండా నిలబడ్డ బస్సు. మేం చిన్నప్పుడు నాన్న పాత బస్సుల విడిభాగాలు విప్పి అమ్మేచోట పనిచేసేవాడు, నేనూ అక్కా చక్రాల్లేని బస్సులో కూర్చుని ఆడుకునేవాళ్లం, నేను డ్రైవర్ని, అరవడమూ నేనే, అక్క కండక్టరు, లేని జనానికి లేని టిక్కెట్లు, ఎవరు ఎక్కడ దిగాలో అన్నీ అక్కకి గుర్తు, ఒక్క మనిషిని కూడా తప్పు స్టాపులో దింపేది కాదు. నువ్వు ఎక్కడికి తోలితే ఏముంది, వీళ్లు ఎక్కడ దిగాలో ముఖ్యం అనేది. నాకు ఎక్కడికైనా తోలడమే ముఖ్యం. ఇప్పటికీ అంతే. అక్క టిక్కెట్ల మెషీన్లు బాగుచేస్తూ బాగుచేస్తూ వాటి లోపల ఏముందో చదువుకుంది, ఆ తర్వాత వాటికి అమ్మలాంటి ఈ పెద్ద మెషీను సంగతి చదువుకుంది, కాలేజీ లేదు కోర్సు లేదు, చదివినదల్లా నాకు చెప్పేది, నేను బ్రేకులు చదువుకుని అక్కకి చెప్పేదాన్ని, రాత్రి అన్నాలు తింటూ ఒకరి సంగతి ఒకరికి అర్థం కాకుండానే ఇద్దరం తలాడించేవాళ్లం. అమ్మ అనేది, మీ ఇద్దరికీ పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు ఇవి వింటే లేచిపోతారని. వచ్చారు, విన్నారు, లేచిపోయారు కూడా. అక్క పడ్డ రోజున నేను బస్సు కింద ఉన్నాను. ధబ్ అని చప్పుడైంది, టైరు పడిందనుకున్నాను. టైరు అనుకుని బోల్టు బిగించడం పూర్తిచేసుకుని మరీ లేచాను. వద్దు, అటు పోవద్దు, అది కాదు ఇప్పుడు. ఆకుపచ్చ మాట ఇంకా ఆకుపచ్చగానే ఉంది. కాపలావాడు మెలకువగానే ఉన్నాడు. మెలకువగా ఉండి కూడా రానివ్వట్లేదు. మనిషిని ఎరగడా వీడు. ఈ గదిలో ప్రతి వైరుకీ కాగితం ముక్క మీద పేరు రాసి అంటించిన మనిషి, ఆవిడ వస్తుంటే ఎవరు నువ్వంటాడా.

మీరూ అంతేగా. అక్క ఈ చార్టు పెట్టకముందు డిపోలో డ్యూటీ ఎలా పడేదో మీరు మరిచిపోయి ఉంటారు, మాకు గుర్తుంది. మీ గది బయట నల్లబోర్డు, దాని కింద సుద్దముక్క, ఎవడైనా రాయొచ్చు, ఎవడైనా చెరపొచ్చు. ఎవడైనా అంటే ఎవడైనా కాదు, మీ గదిలోకి టీ పట్టుకుపోయేవాడెవడైనా. పొద్దున సెలవని చూసుకుని ఇంటికెళ్లిన కండక్టరమ్మ సాయంత్రానికి దూరం లైనులో ఉండేది. ఒకావిడ పిల్ల బారసాలో ఏదో వేడుక పెట్టుకుంటే ముందు రోజు సుద్దతో రాసిన సెలవు మర్నాటికి లేదు, తడి గుడ్డతో తుడిచిన మరక మాత్రం ఉంది. ఆ మరక మీద నేను ధర్నా చేశాను. బోర్డు ముందు బైఠాయించి, అందరి డ్యూటీ అందరూ రాసుకోవాలి అని అరిచాను, బస్సులు కదలనివ్వలేదు, నా గొంతు పోయింది. అక్క మాత్రం అరవలేదు. మేడెక్కి ఈ గదిలో కూర్చుంది, కొన్నాళ్లకి డిపో గేటు పక్కన ఒక స్క్రీను వెలిగింది. ఎవరి వంతు ఎప్పుడో అందులో ఉంది, నిన్న దూరం వెళ్లినవాళ్లు ఇవాళ దగ్గర, పండగ పని చేసినవాళ్లకి మళ్లీ పండక్కి సెలవు. ఎందుకు పడిందో కూడా పక్కనే ఉంది. మీరు వచ్చి ఒక పేరు మార్చమంటే అక్క మార్చింది, మేనేజరు గారు మార్పించారు అని స్క్రీను మీద దానికదే పడింది. ఆ తర్వాత మీరు మార్చమనలేదు. అక్క మీద మీ కోపం మెట్టు దగ్గర మొదలవలేదని నాకు తెలుసు. బయటి కంపెనీ వస్తే ఆ పక్క వరస తీసేస్తారని కూడా తెలుసు. ఎందుకు పడిందో చెప్పని చార్టు వస్తుంది. సుద్దముక్కే మళ్లీ, రంగు మారి.

గుమ్మంలో తాళాలగుత్తి చప్పుడు. స్టోర్సు బాబాయి. విడిభాగాల గది ఆయనది, ఈ గది తాళం కూడా ఆయన దగ్గరే ఉంటుంది, మధ్యాహ్నం అప్పగించాల్సింది ఆయనే. ఆయాసంతో తలుపుకి ఆనుకున్నాడు.

"వచ్చిందా అమ్మాయి?"

"తలుపు తియ్యట్లేదు బాబాయ్."

"తలుపు తీసే ఉంచానుగదే నేను."

"ఈ తలుపు కాదు."

"ఏమో తల్లీ, నాకు తెలిసిన తలుపులన్నీ చెక్కవే." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నిన్ననగా అనుకుంటున్నా. కింద నా స్టోర్లో సగం గది పాత సీట్లే. చిరిగిన సీట్లు, ఎవడూ అడగడు, పారేయడానికి సంతకం పెట్టేవాడు లేడు. అవి తీసేస్తే ఈ పెట్టె అక్కడ పట్టదూ? ఈ మేడ మీద ఏముందని పెట్టారిది?"

"మెట్లున్నాయి బాబాయ్."

నవ్వబోయి మానేశాడు. అక్క పడినప్పుడు తలకింద చెయ్యి పెట్టింది ఆయనే, అంబులెన్సు వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు. "కంపెనీవాడు గేటు దగ్గరికి వచ్చాడంటే నా తాళాలు కాసేపు కనబడకుండా పోతాయిలే. ముసలాణ్ణి, ఎక్కడ పెట్టానో మర్చిపోతుంటాను" అని గుత్తి జేబులో వేసుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. ఆయన కూర్చోవడం చూస్తే ప్రాణం లేచి వచ్చింది. కింద సగం గది. మెట్లు లేని గది. ఆ మాట బుర్రలో ఒక మూల పడేసి ఉంచాను, స్పానరు జేబులో వేసుకున్నట్టు, ఎప్పుడు కావాలంటే అప్పుడు చేతికి తగలాలి.

ఫోనులో కదలిక. "ఆ, వచ్చాను. ఇప్పుడు గోడ వైపు ఉన్నాను, కంప్యూటర్ని అమ్మ పట్టుకుంది. అమ్మా కాస్త పైకి. ఇంకాస్త. హారన్, ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను."

"నన్ను పొమ్మన్నప్పుడు ఎందుకు పొమ్మన్నాడో ఆ మెషీన్లోనే రాసిపెడతాడు. చివరి వరసలు చూద్దాం, నేను చెప్పినట్టు కొట్టు." కొట్టాను. ఇంగ్లీషు నేను అక్షరం అక్షరం కూడబలుక్కుంటాను, ఇంజను పుస్తకాల్లో నేర్చుకున్న ఇంగ్లీషు, నట్లూ బోల్టులూ తప్ప వేరే రాదు. చదివాను. ఫోల్డరు ఎవరిదో, ఎవరెవరికి హక్కులున్నాయో ఏదో బాగోలేదంటున్నాడు. వెనక అమ్మ "చెయ్యి పీకుతోందే" అంది.

"నా ఫోల్డరు హక్కులు ఏమైనా మార్చావా?"

"నేనేం మార్చలేదు."

"హారన్."

"కొంచెం."

"ఎంత కొంచెం?"

"పొద్దున తాళం కాపీ అవలేదక్కా. నీకు హక్కు లేదు పొమ్మంది. నీకు ఒళ్లు తుడుస్తున్నానని అమ్మ చెప్పింది. నెట్లో ఎవరో రాశారు, ఇలా కొడితే అందరికీ అన్ని హక్కులూ వస్తాయని. కొట్టాను. కాపీ అయింది."

"అందరికీ అన్ని హక్కులూ."

"అందులో తప్పేముంది?"

గుమ్మంలో బాబాయి, "అదేగా మన యూనియన్ కోరేది" అన్నాడు, నాకు సాయం చేస్తున్నాననుకుని. అక్క నవ్వడం మొదలుపెట్టింది, నవ్వితే నడుం నొప్పి, నొప్పితోనే నవ్వుతోంది. అమ్మ, "నన్ను నిలబెట్టి నవ్వుతావేంటే" అంటోంది.

"ఒసేయ్ విను. తప్పులేదు. కాని ఆలోచించు. నా తాళం ఉన్న చోట ఎవరైనా రాయగలిగితే, ఎవడో ఒకడు నా తాళం తీసి వాడి తాళం పెడతాడు, వాడి చెవితో నేనని చెప్పుకుని లోపలికొస్తాడు. అందుకే వాడు ఆ తాళాన్ని నమ్మట్లేదు. నన్ను కాదే వాడు పొమ్మన్నది. ఆ చోటుని నమ్మలేదు."

స్టూలు మీద కదలకుండా కూర్చున్నాను. స్టూలు మాత్రం కాలు విరిగింది గనక ఊగింది. నల్లబోర్డు. ఎవడైనా రాయొచ్చు ఎవడైనా చెరపొచ్చు. నేనేగా దాని ముందు బైఠాయించింది, నేనేగా గొంతు చించుకుంది, అందరూ రాసుకోవాలి అని. అక్క చేసింది అది కాదు. ఇన్నాళ్లూ నా నినాదాన్నే అక్క మెషీనులో పెట్టిందనుకుని తిరుగుతున్నాను, సభల్లో చెప్పుకున్నాను కూడా, నేను అరిచాను మా అక్క చేసి చూపించిందని. అక్క పెట్టింది వేరు. అందరూ చూడాలి, ఎవడూ చెరపకూడదు. సుద్దముక్క అందరి చేతికీ ఇస్తే చివరికి అది ఎవరి చేతిలో మిగులుతుందో అక్కకి ముందే తెలుసు. మీ చేతిలో. నాకు సిగ్గేమీ వెయ్యలేదు, సిగ్గుపడేంత తీరిక లేదు, వంట్లో మాత్రం ఏదో బోల్టు సరిగ్గా గాట్లో పడి తిరిగినట్టనిపించింది. ఆ తిరగడం బ్రేకులు చేసేవాళ్లకి తెలుస్తుంది, కంటికి కనబడదు, చేతికి తెలుస్తుంది. ఈసారి సభలో వేరేగా చెప్పాలి. నినాదం పొట్టిగా ఉండాలి. అందరూ చూడాలి, ఎవడూ చెరపకూడదు. పొట్టిగానే ఉంది.

"కొట్టమంటావా" అన్నాను. అక్క చెప్పింది, ఒక్కో అక్షరం, పడుకున్న గీత, స్పేసు. మిగతావాళ్ల చేతుల్లోంచి రాసే హక్కు తీసెయ్యి, తాళం ఉన్న లోపలి ఫోల్డరు నాకు తప్ప ఎవరికీ తెరుచుకోకుండా చెయ్యి. కొట్టాను. మళ్లీ ఏమీ అనలేదు మెషీను. ఈసారి ఆ మౌనం మీద నాకు కోపం రాలేదు. "తడుతున్నాను" అంది అక్క. బాబాయి లేచి నిలబడ్డాడు, ఎందుకు లేచాడో ఆయనకే తెలీదు, పెద్దవాళ్లెవరో గదిలోకి వస్తున్నట్టు. కింద ఎవరో బస్సు రివర్సు చేస్తున్నారు, రానీ రానీ అని అరుస్తున్నారు, రానీ, ఇంకా రానీ, చాలు.

స్క్రీను మీద నేనేమీ కొట్టకుండానే ఒక వరస పడింది. నా చేతులు ఒళ్లో ఉన్నాయి, రెండూ, చూసుకున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మెల్లగా కూడబలుక్కున్నాను, తర్వాత బాబాయి కోసం పైకి చదివాను.

తలుపు వేసెయ్. నేను లోపలే ఉన్నాను.

బాబాయి గది చుట్టూ చూశాడు. నిజంగానే చూశాడు, మెషీను వెనక, బీరువా పక్కన. తర్వాత కళ్లజోడు మళ్లీ తీసి తుడుచుకున్నాడు, ఈసారి చాలాసేపు. నేను కిటికీ దగ్గరికి పోయాను. ఇక్కడ నుంచి గేటు పక్కన స్క్రీను కనిపిస్తుంది, అక్షరాలు కనబడవు, వెలుగు కనిపిస్తుంది. వెలుగు ఒక్కసారి ఆరింది, మళ్లీ వచ్చింది. టీ గ్లాసులతో ఉన్నవాళ్లు తలెత్తారు, ఒక కండక్టరమ్మ సంచీ భుజాన వేసుకుంటూ ఆగి, దగ్గరికి నడిచి, వేలితో వరస వెంట పోయి, పక్క వరస చదివి, వెనక్కి తిరిగి ఎవరితోనో ఏదో అంది. ఏమందో వినబడలేదు. అందరూ ఒక్కసారి మేడ వైపు చూశారు. అక్క ఇక్కడ లేదని వాళ్లకి తెలుసు, అయినా ఇటే చూశారు, నేను చెయ్యి ఊపాను. రేపటి చార్టు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి, చేతులు పీకుతున్నా కంప్యూటర్ని పట్టుకుని నిలబడ్డ అమ్మ, అక్కడ నుంచి ఇక్కడికి, ఇక్కడ నుంచి గేటుకి. నాకు అరవాలనిపించలేదు. వింతగా ఉంది. ఫోను తీసి, "నేనేం చెయ్యను ఇప్పుడు" అన్నాను. "కీబోర్డు తుడు. నీ గ్రీజు వాసన ఇక్కడిదాకా వస్తోంది" అంది. చొక్కా అంచుతో తుడిచాను, మీట మీటా, అక్షరాలు అరిగిపోయినవి ముందు.

అప్పుడు వినబడ్డాయి మెట్ల మీద మీ బూట్లు. ఇనప మెట్లు, ఎవరెక్కుతున్నా తెలుస్తుంది. మధ్యలో ఒకచోట ఆగారు, ఆ మెట్టు దగ్గరే, మీరు కూడా దాటేసి వచ్చారు. అది విన్నాను నేను. పైకొచ్చి రొప్పుతూ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు.

"కింద చార్టు మారింది. నువ్వేనా వేసింది?"

"నా చేతులు చూడండి సార్. చొక్కా అంచులో ఉన్నాయి."

మెషీను మీద ఉన్న ఫోను, "నమస్తే సార్, నేనే" అంది. మీరు ఉలిక్కిపడ్డారు. స్క్రీను వంక చూశారు, ఫోను వంక చూశారు, బాబాయి జేబు వంక చూశారు, అందులో తాళాలు చప్పుడు చేస్తున్నాయి. తర్వాత మీ మొహంలో ఒక నవ్వు వచ్చింది, ఆ నవ్వు నాకు తెలుసు, ఏదో బరువు దించుకున్నవాడి నవ్వు. "బాగుంది, బాగుంది. ఇంకేం మరి. ఇంటి నుంచే చేసుకుంటుంది. కంపెనీవాణ్ణి వెనక్కి పంపేస్తాను, ఆర్డరు ఆపేస్తాను. ఇక ఆ మెట్ల గొడవే లేదు మనకి." బాబాయి నన్ను చూశాడు. జేబులో వేసుకున్న స్పానరులా బాబాయి చెప్పిన సగం గది మాట చేతికి తగిలింది.

లేచి నిలబడ్డాను, స్టూలు పడిపోయింది, లేవనెత్తలేదు, కట్టేసుకున్న నోరు విప్పాను. ఉంది సార్, గొడవ ఉంది. ఈ గుమ్మం మేం పెట్టుకున్నాం, మీరు పెట్టింది కాదు. చేతులు రావడానికి దారి దొరికింది, మనిషి రావడానికి దొరకలేదు. అక్క ఇంట్లో ఉండాలనుకున్న రోజున ఇంటి నుంచి వస్తుంది, డిపోకి రావాలనుకున్న రోజున డిపోకి వస్తుంది, ఏ రోజు ఏదో తనే చెబుతుంది, మీరు కాదు. ఆర్డరు ఆపడం కాదు, కొట్టేసి సంతకం పెట్టండి, ఇప్పుడే, నా ఎదురుగా. రేపటి చార్టులో అందరి పేర్లూ ఉన్నాయి, వేసినావిడ పేరు లేదు, అది ఎక్కించమని మీరే చెప్పండి ఫోనులో, వింటోంది. కింద బాబాయి స్టోర్లో పాత సీట్లు పారేయడానికి సంతకం కావాలట, అదీ పెట్టండి. మెషీను కిందికి దింపాలి, మోయడానికి గ్యారేజీ మొత్తం వస్తుంది, నేను పిలిస్తే చాలు, పిలవడం నాకు వచ్చు. గుమ్మం ముందున్న గట్టు పగలగొట్టి వాలుగా సిమెంటు పోయించాలి. రేపు పొద్దున్నే మేస్త్రీని పంపండి. చూద్దాం అనకండి. అక్క చక్రాల కుర్చీ ఎంత వెడల్పో నాకు తెలుసు, కొలతలు నేనిస్తాను.